నంబరు లేని చీటీ

ప్రతి ఆదివారం వంటింటి అలమార తలుపులు తుడవాలని మా ఆయన ఎప్పుడూ నోటితో చెప్పలేదు. తుడవకపోతే మాత్రం తలుపు మీద వేలితో ఒకసారి రాసి, ఆ వేలిని వెలుతురులోకి పట్టి చూసుకుంటారు. అంతే, ఇంక మాటుండదు. పన్నెండేళ్ళుగా ఆ వేలికి జవాబుగా నేను సబ్బునీళ్ళూ పాతగుడ్డా పట్టుకుని నిలబడుతూనే ఉన్నాను. ఈ మధ్య మూడు ఆదివారాలుగా తుడవలేదు. తుడవడానికి తలుపులు కనబడితే కదా. పైవరసలో ఉన్న నాలుగు తలుపుల నిండా చీటీలు అంటించి ఉన్నాయి. కొన్ని పసుపుపచ్చవి, కొన్ని గులాబీరంగువి. రంగులకి అర్థమేమీ లేదు, ఆఫీసు స్టోరులో ఏ కట్ట దొరికితే అది తెచ్చుకున్నాను.

నేను పనిచేసేది ఇంటర్నెట్ చూసే బ్రౌజర్ తయారుచేసే కంపెనీలో. బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న చిన్న పనిముట్లుంటాయి, వాటిని యాడ్-ఆన్లంటారు. ప్రకటనలు కనబడకుండా చేసేదొకటి, అక్షరాలు పెద్దవి చేసేదొకటి, చదివిన పేజీని దాచిపెట్టేదొకటి. వాటిని తయారుచేసేది కంపెనీ కాదు. ఎక్కడెక్కడో, ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని, సొంత పని అయ్యాక మిగిలిన వేళల్లో చేసుకునే మనుషులు. వాళ్ళకి సందేహం వస్తే మాకు రాస్తారు. వచ్చిన ప్రతి ప్రశ్నకీ ఒక నంబరు పడుతుంది. సోమవారం పొద్దున్నే ఆ నంబర్లన్నీ నా తెర మీద వరసగా నిలబడి ఉంటాయి. ఆరేళ్ళుగా వాటికి జవాబులు రాసే మనిషిని నేనొక్కదాన్నే. మా ఇంట్లో కూడా అంతే, ఎవరికి ఏది కనబడకపోయినా ప్రశ్న నా దగ్గరికే వస్తుంది. నంబరు పడదు, అదొక్కటే తేడా.

ఈ యాడ్-ఆన్లు చేసేవాళ్ళకి కావలసినవన్నీ ఒక్కచోట దొరికే వెబ్‌సైటు కట్టాలని కంపెనీకి ఇన్నాళ్ళకి బుద్ధి పుట్టింది. ప్రణాళిక వెయ్యమని మా టీమ్ లీడ్ నాకు చెప్పాడు. "మీకు రాయడం అలవాటే కదా మేడమ్, ఊరికే ఒక డ్రాఫ్టులాగా చేసివ్వండి. మీటింగులో మాట్లాడే తలనొప్పి నాకొదిలెయ్యండి" అన్నాడు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు. ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతాడు. మర్యాదగా మాట్లాడేవాళ్ళ దగ్గర మనం ఏం పోగొట్టుకున్నామో ఇంటికొచ్చి చెప్పులు విప్పాక గానీ తెలియదు.

అతను మూడు శీర్షికలు రాసిచ్చాడు. వివరాలు, పాఠాలు, ఉదాహరణలు. వాటి కింద పేజీలు నింపితే చాలన్నాడు. నాకు మనసొప్పలేదు. అంగడివాడి అలమారలో సరుకు సర్దినట్టుంది తప్ప, వచ్చే మనిషి ఏం వెతుక్కుంటూ వస్తాడన్నది అందులో లేదు. ఆరేళ్ళ ప్రశ్నలు వెనక్కి తిరగేసి, మళ్ళీ మళ్ళీ వచ్చినవి తొంభై ఆరు ఏరాను. ఒక్కొక్కటీ వాళ్ళ మాటల్లోనే చీటీ మీద రాసి, మూలన దాని నంబరు వేశాను. 'నాకు ప్రోగ్రామింగ్ కొంచెమే వచ్చు, మొదలుపెట్టొచ్చా?' 'నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ ఎందుకు ఆగిపోయింది?' 'మీరు వద్దని తిప్పి పంపారు, నేను చేసిన తప్పేమిటో కాస్త చెబుతారా?' ఆ చీటీల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఏది దేనికి చుట్టమో చూసుకుంటూ జరపడమే నా పని.

దానికి గోడ కావాలి. ఆఫీసులో రాసుకునే బోర్డున్న గదులన్నిటినీ వారం ముందే ఎవరో ఒకరు పట్టేస్తారు. ఇంట్లో ముందుగదికి కొత్తగా రంగు వేయించాం. పడగ్గదిలో అద్దం. మా అమ్మాయి గదిలో దాని బొమ్మలు. ఎవరూ పోటీకి రాని గోడ ఈ ఇంట్లో వంటింటిదొక్కటే. గుడ్లు ఉడికే ఎనిమిది నిమిషాల్లో రెండో తలుపు మీది చీటీలు నాలుగు మూడో తలుపు మీదికి మారేవి. అమ్మాయి సాక్సు వెతికి వచ్చేసరికి వాటిల్లో ఒకటి వెనక్కి పోయేది. అలా మూడు వారాలకి అవి వాటంతటవే ఒక దారిలో నిలబడ్డాయి. మొదటి తలుపు, ఇప్పుడే వచ్చినవాళ్ళు. రెండోది, తయారుచేస్తున్నవాళ్ళు. మూడోది, తయారైనదాన్ని జనంలోకి వదిలినవాళ్ళు. నాలుగోది నేను అనుకుని పెట్టినది కాదు. ఏ తలుపు మీదా ఇమడని చీటీలు అక్కడికి చేరాయి. ఆపేసినవాళ్ళు.

'ఉద్యోగం మారింది, చూసుకోలేకపోతున్నాను, ఎవరికైనా అప్పగించొచ్చా?' 'కంటి ఆపరేషన్ అయింది, నాలుగు నెలలు ఓపిక పట్టగలరా?' 'ఇది మా అన్నయ్య చేసింది. ఆయన పోయారు. వాడుతున్నవాళ్ళకి ఆ సంగతి ఎక్కడ రాయాలి?' ఆ చివరిదానికి జవాబు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇలాంటివి పద్దెనిమిది. వాటి అడుగున ఇంకొక చీటీ కూడా ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

నాలుగో తలుపు గురించి చెబితే టీమ్ లీడ్ నవ్వాడు. "పోయేవాళ్ళకి పేజీ ఎందుకు మేడమ్? వచ్చేవాళ్ళకి ముందు గుమ్మం చూపిస్తాం గానీ దొడ్డిగుమ్మం చూపిస్తామా?" అన్నాడు. శుక్రవారం డైరెక్టర్ ముందు మొదటి మూడూ చూపిస్తాననీ, నాలుగోది 'తర్వాతి దశ' అని ఒక్క ముక్క పెడతాననీ అన్నాడు. తర్వాతి దశ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన కూడా నా చాలా పనుల్ని ఆ దశకే పంపించారు.

ఆ పేజీ ఎందుకు కావాలో అతనికి చెప్పలేకపోయాను. చెప్పాలంటే ఇంకొకటి చెప్పాలి.

నెల కిందట కంపెనీ ఒక నిర్ణయం తీసుకుంది. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని యాడ్-ఆన్లన్నీ తీసెయ్యాలి. వాటి యజమానులకి ముందుగా ఒక ఉత్తరం వెళ్ళాలి. ఆ ఉత్తరం రాసింది నేనే. 'మీరు ఇంకా ఉన్నారా?' అని మొదలుపెట్టాను. ఉన్నామని చెప్పడానికి ఒక బటన్. రెండో పేరాలో, మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటే ఎక్కడ చూడాలో, ఎవరిని అడగాలో రాశాను. చూపించడానికి అలాంటి పేజీ లేదు కదా అని టీమ్ లీడ్ ఆ పేరా కొట్టేశాడు. మిగిలింది ఇంతే: శుక్రవారం సాయంత్రం ఆరింటిలోగా బటన్ నొక్కకపోతే తొలగిస్తాం. రెండు వేల మూడు వందల మందికి ఆ ఉత్తరం వెళ్ళింది. ఎప్పుడో వాడడం మానేసిన నా పాత చిరునామాకి కూడా ఒకటి వచ్చింది. నా మాటలే, నాకే. 'మీరు ఇంకా ఉన్నారా?' చదివి, మూసేసి, కుక్కర్ కింద మంట తగ్గించాను.

నేను చేసిన యాడ్-ఆన్ కూడా ఒకటుంది, దాని పేరు పిన్నీసు. ఇరవై నాలుగేళ్ళప్పుడు చేశాను. మా అమ్మ ఒకసారి ఏదో ఆఫీసుకి పెద్ద దరఖాస్తు కంప్యూటర్‌లో నింపుతూ, చివరి గడిలో ఒక్క అంకె తప్పు కొట్టింది. పేజీ మొత్తం తెల్లగా అయిపోయింది. మళ్ళీ నింపింది, మళ్ళీ పోయింది. మూడోసారి అమ్మ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, తప్పంతా తనదే అయినట్టు. ఆ వారం కూర్చుని, ఏ పేజీలోనైనా మనం రాసుకున్నది పోకుండా పట్టి ఉంచే యాడ్-ఆన్ ఒకటి చేశాను. అమ్మ తన సంచి పట్టీకి ఎప్పుడూ ఒక పిన్నీసు తగిలించుకునేది, ఎప్పుడు ఏది ఊడుతుందో తెలియదని. అందుకని ఆ పేరు. ఒక దశలో పద్నాలుగు వేలమంది వాడారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసేవాళ్ళు, నీ పుణ్యమాని నా వ్యాసం దక్కింది అని. అమ్మ తన కంప్యూటర్‌లో ఆఖరుదాకా ఉంచుకుంది. ఇప్పుడు అమ్మ లేదు.

పెళ్ళయ్యాక మా ఆయన స్నేహితులొస్తే అదొక సరదా. "మా ఆవిడ పిన్నీసులు పంచుతుంది, ఊరందరికీ, ఊరికే" అనేవారు. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే జోకు అర్థం కాలేదంటారు కదా. తర్వాత మా అమ్మాయి పుట్టింది. పిన్నీసులో ఏదో చిన్న లోపం వచ్చిందని ఒకాయన రాస్తే, చంటిదాన్ని భుజాన వేసుకుని ఒంటిచేత్తో పిన్నీసు పేజీ మీద ఒక ముక్క రాశాను. 'వచ్చే నెల చూస్తాను.' ఎనిమిదేళ్ళయింది. ఆ ముక్క ఇంకా అక్కడే ఉంది. ఎవరు తెరిచినా నేను వచ్చే నెల వచ్చేస్తానన్నట్టే ఉంటుంది.

రెండేళ్ళ తర్వాత ఈ కంపెనీకి వెళితే, మధ్యలో ఈ ఖాళీ ఏమిటని అడిగారు. పాప అన్నాను. మీకు ఓపిక ఎక్కువలా ఉంది, జవాబులు రాసే పని బాగుంటుందన్నారు. అలా, తయారుచేసే మనిషిని, తయారుచేసేవాళ్ళకి దారి చెప్పే మనిషినయ్యాను. ఇప్పుడు బటన్ నొక్కితే ముప్పై రోజుల్లో కొత్త నియమాల ప్రకారం పిన్నీసుని మార్చివ్వాలి. అది నా చేతనవుతుందా అన్నది నాకే తెలియదు. నొక్కి, చెయ్యలేకపోతే, ఈసారి వచ్చే నెల అని రాసుకోవడానికి చంకలో చంటిపిల్ల కూడా లేదు.

బుధవారం పొద్దున్న మా ఆయన టీ తాగుతూ, మర్నాడు సాయంత్రం వాళ్ళ మేనేజరూ ఆయన భార్యా టీకి వస్తున్నారన్నారు. అలమార వైపు చూసి, "ఈ కాగితాలు తీసెయ్. చూసినవాళ్ళు ఏదో పిల్లల బడి అనుకుంటారు" అన్నారు. శుక్రవారం దాకా ఆగండి, ఆ రోజు మీటింగుంది అన్నాను. ఆయన కప్పు కడిగే తొట్టిలో పెట్టి వెళ్ళిపోయారు. ఒప్పుకున్నారనుకున్నాను. ఈ ఇంట్లో మౌనాన్ని నేనెప్పుడూ నాకు నచ్చినట్టు అర్థం చేసుకుంటాను, అది నా తప్పే.

గురువారం నేను ఆఫీసుకి వెళ్ళాల్సిన రోజు. నాలుగింటికి వచ్చేసరికి తలుపులు మెరుస్తున్నాయి. ఒక్క చీటీ లేదు. మూడో తలుపు మీద మాత్రం ఒకచోట జిగురు మరక మిగిలింది. మా ఆయన పళ్ళెంలో బిస్కెట్లు సర్దుతున్నారు, ఆ పని ఆయన చెయ్యడం ఏడాదికోసారి. "నేనే మా అమ్మకి చెప్పా, తీసెయ్యమని. ఫోటో తీసుకునే ఉంటావుగా" అన్నారు. సోమవారం తీశాను. మంగళ, బుధవారాల్లో సగం చీటీలు మారాయి. ఆ మాట చెబితే, "కాగితాలే కదా, మళ్ళీ రాసుకో. రాయడమేగా నీ పని" అన్నారు. కోపంగా కూడా కాదు. ధైర్యం చెబుతున్నట్టు.

వాళ్ళొచ్చారు. టీ పెట్టాను. మేనేజర్ గారి భార్య మంచావిడలా ఉంది, మీరేం చేస్తుంటారని నన్ను చూసి అడిగింది. జవాబు మా ఆయన చెప్పారు. "ఇంటి దగ్గర్నుంచే కంప్యూటర్‌లో మెసేజీలకి బదులిస్తుంటుంది. కాలక్షేపం." ఆవిడ లేచేటప్పుడు తన కప్పూ సాసరూ తనే తీసుకుని వంటింట్లోకి వచ్చి పెట్టి వెళ్ళింది. అంతే. ఒక్కోసారి మనిషి ఎంత ఎండిపోయి ఉంటుందో, ఎవరో ఒక కప్పు తెచ్చి పెడితే గానీ తెలియదు.

వాళ్ళని సాగనంపడానికి మా ఆయన కిందికి వెళ్ళారు. అప్పుడు అత్తయ్య తన గది గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, ఒకసారి ఇలా రా" అన్నారు.

అత్తయ్య మా దగ్గరికొచ్చి ఐదేళ్ళు. ఈ ఐదేళ్ళలో మేమిద్దరం మాట్లాడుకున్నది మొత్తం కలిపితే ఒక చేంతాడంత జాబితా అవుతుందేమో గానీ మాట అవదు. గ్యాస్ అయిపోయింది, ఉప్పు తక్కువైంది, పిల్ల ఇంకా రాలేదు. అమ్మ వయసులో ఉన్నప్పుడు ఏదో పార్సిల్ ఆఫీసులో చేసేదట అని మా ఆయన ఒకసారి అన్నారు, వేరేవాళ్ళ అమ్మ గురించి చెప్పినట్టు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

మంచం మీద ఒక పాత తువ్వాలు పరిచి ఉంది. దాని మీద నాలుగు కట్టలు. ఒక్కో కట్టకీ నిలువునా అడ్డంగా తెల్లదారం, పైన విప్పడానికి వీలుగా ముడి.

"తొంభై ఆరున్నాయి. సరిపోయాయో లేదో చూసుకో."

పై చీటీ తిప్పి చూశాను. వెనకాల పెన్సిలుతో చిన్నగా రెండు అంకెలు. రెండో తలుపు, మొదటిది. ఇంకొకటి తిప్పాను. రెండో తలుపు, రెండోది. ప్రతిదానికీ ఉంది.

"నువ్వెందుకు అలా పెట్టావో నాకు తెలీదు. ఎలా ఉందో అలాగే మళ్ళీ పెట్టుకునేట్టు తీశాను. లారీ దించేటప్పుడు మేమిలాగే రాసుకునేవాళ్ళం" అన్నారు అత్తయ్య.

ఆయన పారెయ్యమనలేదా అని అడిగాను.

"తీసి పారెయ్ అన్నాడు. తియ్యమన్నది వినబడింది. రెండోది వినబడలేదు. నా చెవుల సంగతి నీకు తెలుసుగా."

అత్తయ్య చెవులు, మూడో గదిలో అమ్మాయి చాక్లెట్ కాగితం విప్పితే వింటాయి. నాకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఆవిడ రెండూ చూడనట్టే తలగడ ఎత్తి దాని కింద నుంచి ఇంకొక చీటీ తీశారు.

"ఇది మాత్రం వాటిల్లో కలపలేదు. వాటన్నిటికీ మూలన నంబరుంది. దీనికి లేదు. నంబరు లేని సరుకొస్తే మేం మిగతావాటితో పంపేవాళ్ళం కాదు, పారేసేవాళ్ళమూ కాదు. పక్కన ఒక బల్ల ఉండేది. దాని మీద పెట్టేవాళ్ళం, ఎవరో ఒకరు నాదేనంటూ వస్తారని."

"రాకపోతే అత్తయ్యా?"

"కొన్నిటికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు."

నాలుగో తలుపు అడుగున నేను అంటించినది అదే. ఒక పొద్దున్న, ఎవరి ప్రశ్నా కాకుండా చేతికొచ్చినట్టు రాసింది. 'చాలా ఏళ్ళు పట్టించుకోలేదు. మళ్ళీ మొదలుపెట్టాలని ఉంది. ఇప్పుడు వస్తే రానిస్తారా?'

"ఇది ఆఫీసుది కాదనుకున్నాను. నీదేనా?" అన్నారు అత్తయ్య.

మామూలుగా అయితే, కాదత్తయ్యా, ఊరికే ఉదాహరణకి రాశాను అని ఉండేదాన్ని. అలాంటి అబద్ధాలు నాకు చాలా సులువుగా వస్తాయి. కానీ ఆ దారపు ముళ్ళు చూశాక చెప్పలేకపోయాను.

"నాదే" అన్నాను.

ఆవిడ చీటీ నా చేతిలో పెట్టి, తువ్వాలు అంచు సర్దుకుంటూ చెప్పారు. పదకొండేళ్ళు చేశారట అక్కడ. మామగారికి బదిలీ అయితే రెండేళ్ళు సెలవు పెట్టి, మళ్ళీ చేరతానని కాగితం రాసిచ్చారట. దాని మీద నంబరు కూడా వేసి తీసుకున్నారట. తర్వాత ఎవరూ అడగలేదా అన్నాను.

"అడగకపోవడమేం. రెండుసార్లు ఉత్తరం వచ్చింది, వస్తున్నావా అని. మీ మామగారే చదివి వినిపించారు. వద్దని కూడా అనలేదు ఆయన. నాకే, జవాబు రాయాలని తోచలేదు." తువ్వాలు అంచు మళ్ళీ లాగి, "తోచాల్సింది" అన్నారు.

కింద నుంచి మా ఆయన మెట్లెక్కుతున్న చప్పుడైంది. కట్టలు నా ఆఫీసు సంచిలో పెట్టుకున్నాను. అత్తయ్య తువ్వాలు మడిచేశారు. ఆ సాయంత్రం అన్నాల దగ్గర మేమిద్దరం మళ్ళీ ఉప్పు గురించే మాట్లాడుకున్నాం.

శుక్రవారం మూడింటికి మీటింగు. డైరెక్టర్ వేరే ఊళ్ళో ఉంటారు, గోడ మీది తెరలో ఆయన ముఖం ఒక్కటే మాతో కూర్చుంటుంది. టీమ్ లీడ్ మాట్లాడుతున్నాడు, నేను పక్కన కూర్చుని అతని మాటకి తగ్గట్టు పేజీలు మారుస్తూ, మధ్యలో నోట్సు రాస్తున్నాను. ఆరేళ్ళుగా ఏ మీటింగులోనైనా నోట్సు నావే. మొదటి తలుపు, రెండో తలుపు, మూడో తలుపు. నా వంటింట్లో గుడ్లు ఉడికిన మూడు వారాల్నీ అతను ఇరవై నిమిషాల్లో చెప్పేశాడు. బాగా చెప్పాడు, కాదనను. 'మేం' అన్నాడు ప్రతిసారీ. చివర్న, ఆపేసినవాళ్ళ కోసం కూడా ఒక ఆలోచన ఉంది, అది తర్వాతి దశ అన్నాడు.

డైరెక్టర్ అద్దాలు సవరించుకున్నారు. "ఆపేసినవాళ్ళు మళ్ళీ వస్తారని మీరెందుకు అనుకుంటున్నారు? అలాంటి మనిషిని ఒక్కరినైనా అడిగారా?"

టీమ్ లీడ్ నా వైపు చూశాడు. అంకె ఏదైనా మర్చిపోతే చూసే చూపు అది. నేను పెన్ను కింద పెట్టాను.

"అలాంటి మనిషిని నేనే" అన్నాను.

ఏం చెప్పానో వరసగా గుర్తులేదు. అమ్మ అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకోవడం చెప్పలేదు, అది నా సొంతం. పిన్నీసు అనేది ఒకటుందనీ, ఎనిమిదేళ్ళుగా దాన్ని ముట్టుకోలేదనీ, అయినా ఇప్పటికీ మూడు వేల చిల్లర మంది వాడుతున్నారనీ చెప్పాను. మనం పంపిన ఉత్తరం నాకూ వచ్చిందన్నాను. రాసింది నేనే అయినా, దాంట్లో మళ్ళీ రావాలనుకునేవాళ్ళకి ఒక్క ముక్క కూడా లేదనీ, నాకే దారి తెలియకపోతే మిగతా రెండు వేలమందికి ఎలా తెలుస్తుందనీ అన్నాను. "ఇవాళ సాయంత్రం ఆరింటికి మనం దాన్ని తీసేస్తున్నాం" అన్నాను. ఆ మీటింగుకి నోట్సు లేవు. రాసే మనిషి మాట్లాడుతుంటే రాయాలని ఎవరికీ తట్టలేదు.

డైరెక్టర్ కాసేపు ఏదో చదువుతున్నట్టు కిందికి చూసి, "అయితే ముందు ఆ నాలుగోదే కట్టండి. మీరే రాయండి" అన్నారు. మిగతా పనిలోంచి ఏది తగ్గిస్తారో చెప్పలేదు. నేనూ, తెలిసి తెలిసి, అడగలేదు. అన్నీ ఒక్క రోజులో రావు. బయటికొచ్చాక టీమ్ లీడ్, "ముందే చెప్పుంటే బాగుండేది కదా మేడమ్, స్లైడులో పెట్టేవాణ్ణి" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నట్టున్నాడు.

ఐదున్నరకి ఆఫీసు సగం ఖాళీ అయింది. కిటికీ పక్క వరసలో దీపాలు ఆర్పేశారు. పాత చిరునామా పాస్‌వర్డ్ మూడోసారికి కుదిరింది. ఉత్తరం తెరిచాను. 'మీరు ఇంకా ఉన్నారా?' ఉన్నానన్న బటన్ ఎంత చిన్నదో అప్పుడు చూశాను. అది చిన్నదిగా పెట్టమన్నది కూడా నేనే అయ్యుంటాను. నొక్కాను. ధన్యవాదాలు, ముప్పై రోజుల గడువుంది అని వచ్చింది.

అప్పుడు ఫోన్ మోగింది. మా ఆయన.

"ఎక్కడున్నావ్? పిల్ల ఆకలంటోంది."

"అన్నం కూరా ఫ్రిజ్‌లో ఉన్నాయి, వేడి చేసి పెట్టండి. నాకింకో గంట పడుతుంది."

"అంత పనేముంది?"

"పిన్నీసు పని."

"అదింకా ఉందా?" అన్నారు. ఈసారి నవ్వలేదు. ఆ మాత్రం నాకు చాలనిపించింది, చాలకూడదని కూడా అనిపించింది. ఉంది అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

పిన్నీసు లోపలి ప్రోగ్రాం రాతంతా తెరిచాను. ఎనిమిదేళ్ళ కిందటి నా చెయ్యి. సగం అర్థం కాలేదు. ఒకచోట నా కోసం నేను రాసుకున్న వాక్యం కనబడింది, 'ఇక్కడ తప్పు జరిగినా రాసింది పోకూడదు' అని. ఎంత నమ్మకంగా రాసిందో ఆ పిల్ల. ఇప్పుడు ఆమెని అడగాలంటే ఏ చిరునామాకి రాయాలో తెలియదు. ఏది మార్చాలో, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవాళ్ళు చుట్టుపక్కల ఎవరూ లేరు. ఖాళీ కుర్చీలు, ఎవరో మర్చిపోయిన గొడుగు.

ఇలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారో నాకు తెలుసు, ఆరేళ్ళుగా చూస్తున్నాను. మా సందేహాల పేజీ తెరిచాను. అవతలి వైపు నుంచి దాన్ని చూడడం అదే మొదటిసారి. సంచిలోంచి చీటీ తీసి, దాని మీద ఉన్న మూడు వాక్యాలూ ఉన్నవున్నట్టు ఆ గడిలో రాసి పంపాను. వెంటనే నంబరొచ్చింది. పెన్సిలుతో ఆ నంబరు చీటీ మూలన వేసుకుని, నాలుగో కట్ట దారం వదులు చేసి, అడుగున పెట్టాను.

సోమవారం పొద్దున్న వరసలో ఆ ప్రశ్న నిలబడి ఉంటుంది. దానికి జవాబు రాసే మనిషి ఈ ఆఫీసులో ఒక్కతే ఉంది.